మా ఇంట్లో రెండు పథ్యాలు

జూన్ రెండో వారంలో జ్వరం మొదలైంది. ఎండదెబ్బ అనుకున్నాను. ఆ నెలలో తిరుపతి బైరాగిపట్టెడ నుంచి కాలేజీ దాకా బండి మీద పోయి వస్తే ఎవరికైనా తల తిరుగుతుంది. నాలుగో రోజు అద్దంలో చూసుకుంటే కళ్ళు పసుపుపచ్చగా ఉన్నాయి. రక్తపరీక్షలో బిలిరుబిన్, అంటే ఒంటికి ఆ పసుపు రంగు తెచ్చే పదార్థం, 8.4 అని వచ్చింది, ఒకటి దగ్గర ఉండాల్సింది. హెపటైటిస్ ఎ. కలుషితమైన నీళ్ళ వల్ల, తిండి వల్ల వచ్చే కామెర్లు. దీనికి ప్రత్యేకంగా మందేమీ లేదు, విశ్రాంతిగా ఉంటే కాలేయం తనంతట తానే కోలుకుంటుంది అన్నారు డాక్టరుగారు.

అమ్మ వచ్చి నన్ను చిత్తూరు తీసుకుపోయింది. కూర్మయ్యను కొర్లగుంటలో అక్క వాళ్ళింట్లో వదిలాం.

కూర్మయ్య అంటే మా తాబేలు. మన అడవుల్లో కనబడే నక్షత్ర తాబేలు కాదు. దాన్ని ఇంట్లో పెట్టుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. వీడిది ఆఫ్రికాలో సహారా ఎడారికి దక్షిణపు అంచున పుట్టిన జాతి, సల్కాటా అంటారు. కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ళ పరివేష్ పోర్టల్‌లో వివరాలు నమోదు చేయించి పెంచుకుంటున్నాం. నాలుగేళ్ళవాడు. జబ్బు పడకముందు నేను తూచినప్పుడు 1,420 గ్రాములున్నాడు.

చిత్తూరులో నా పథ్యం సంగతి చెప్పాలి. ఉప్పు, కారం, నూనె మూడూ బంద్. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం మజ్జిగన్నం, రాత్రి మళ్ళీ మజ్జిగన్నం, మధ్యలో బార్లీ నీళ్ళు. మొదటి రెండు వారాలు నాకూ అదే బాగుండింది. పక్కింట్లో తిరగమాత పెడితే చాలు, ఆ వాసనకే వాంతి వచ్చేది. ఆ తర్వాత వాంతులు తగ్గాయి కానీ భయం తగ్గలేదు. పప్పు గిన్నె ఎదురుగా పెడితే చేయి వెనక్కి వచ్చేసేది. ఆరు వారాలకు బిలిరుబిన్ 1.6కు దిగింది. నేను ఏడు కిలోలు తగ్గాను. మిద్దె మెట్లు ఎక్కితే మోకాళ్ళు వణికేవి.

జులై చివర్లో అమ్మతో పాటు తిరుపతి వచ్చేశాను. ఆ సాయంత్రమే అక్క కొడుకు కూర్మయ్యను అట్టపెట్టెలో తెచ్చాడు. "మామా, వీడికి కీరదోస అంటే చానా ఇష్టం. అదీ టమోటా తప్ప ఇంకేం ముట్టడు" అన్నాడు సంతోషంగా. పిల్లవాడు రోజూ తన పాకెట్ డబ్బులతో కీరదోసకాయలు కొన్నాడట. వానలు పడుతున్నాయని, కుక్కలు వస్తాయని గదిలోనే ఉంచారు. కిటికీ దగ్గర ఎండపొడ పడేచోట పడుకోబెట్టేవాళ్ళు. ఎంతో ప్రేమగా చూసుకున్నారు. ఆ మాటలో నాకు రవ్వంత అనుమానం కూడా లేదు.

నేల మీద వదిలితే ముందుకాళ్ళతో నడిచాడు, వెనక కాళ్ళు ఈడ్చుకుంటూ వచ్చాయి. ఎత్తి చిప్ప అంచును బొటనవేలితో నొక్కాను. గట్టిగా ఉండాల్సింది నానిన అప్పడంలా లోపలికి పోయింది. ఆ మెత్తదనం ఇప్పటికీ వేలికి తెలుస్తూనే ఉంది. రాత్రి నిద్ర పట్టలేదు. నా రిపోర్టు చూసినప్పుడు కూడా అంత టెన్షన్ పడలేదు.

మర్నాడు పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్ళాం. బరువు 1,290. ఎక్స్‌రేలో ఎముకలు పలచగా, పొగమంచులో ఉన్నట్టు కనబడ్డాయి. డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. కీరదోసలో నూటికి తొంభై అయిదు వంతులు నీళ్ళే. టమోటాలోనైనా, కీరలోనైనా కాల్షియం కంటే భాస్వరమే ఎక్కువ. తాబేలుకు పెట్టే తిండిలో భాస్వరానికి రెట్టింపు కాల్షియం ఉండాలి, లేకపోతే శరీరం తన ఎముకల్లోంచే సున్నం తీసుకుంటుంది. రెండోది ఎండ. తిన్న కాల్షియం ఒంటికి పట్టాలంటే డి విటమిన్ కావాలి, అది ఎండలోని అతినీలలోహిత కిరణాల వల్ల తయారవుతుంది. కిటికీ అద్దం వెచ్చదనాన్ని రానిస్తుంది గానీ ఆ కిరణాలను ఆపేస్తుంది. ఆరు వారాలు వాడు ఎండలో ఉన్నాడని మేమంతా అనుకున్నాం.

పాలకూర పెట్టనా అని అడిగాను. వద్దంది. అందులో ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసుకుంటాయట. గరిక, మందారం ఆకులు, మల్బరీ ఆకులు, నాగజెముడు పెట్టమంది. ఈ జాతికి అసలు తిండి పచ్చగడ్డి. కాల్షియం మందు రాసిచ్చింది. "ఆకలేస్తే అదే తింటుందిలే అని మాత్రం పస్తు పెట్టకండి. ఆరోగ్యంగా ఉన్నప్పుడైతే వేరే మాట. ఇంత నీరసంలో వద్దు. ఇష్టమైనదాంట్లోనే కలిపి పెట్టండి" అంది.

మొదటి మూడు రోజులు ఓడిపోయాను. గరిక పెడితే వాసన చూసి, దాని మీద నుంచి నడిచి వెళ్ళిపోయాడు. కీర ముక్కల మధ్య గరిక వేస్తే ముక్కలు ఏరుకుని తిన్నాడు. నోట్లోకి వచ్చిన పోచను ముందుకాలితో తోసేశాడు. తాబేలు అంత శ్రద్ధగా వేరుచేయగలదని నాకు అప్పటిదాకా తెలియదు.

అప్పుడు కీరను తురిమాను. గరికలో లేత కొసలు మాత్రం కత్తెరతో గోరంత ముక్కలుగా కత్తిరించి, ఆ తురుములో వేసి చేత్తో పిసికాను. పది వంతుల్లో తొమ్మిది కీర, ఒకటి గరిక. ఏరుకోవడానికి వీల్లేదు. చాలాసేపు చూశాడు. తర్వాత తిన్నాడు. మూడు రోజులకోసారి ఒక వంతు మార్చాను. గరిక మోతాదు నాలుగు వంతులకు చేరేసరికి మళ్ళీ మొండికేశాడు, రెండు వంతులకు దిగి వచ్చాం. అలా ముందుకూ వెనక్కూ నడిచింది కథ.

వేళ కూడా ముఖ్యమని తెలిసొచ్చింది. పొద్దున్నే చల్లటి ఒంటితో ఉన్నప్పుడు పెడితే ఏదీ తినడు. ఒళ్ళు వెచ్చబడితేనే ఆకలి, అరుగుదల. అందుకని ముందు బేసిన్‌లో గోరువెచ్చని నీళ్ళు, గడ్డం మునగనంత, ఇరవై నిమిషాలు. తర్వాత మిద్దె మీద ఎండ. పక్కనే నీడ కోసం ఒక కుండ పెంకు బోర్లించి పెట్టాను. ఆ తర్వాతే తిండి, అదీ పళ్ళెంలో కాదు, గరుకు బండ మీద. ఎర్రటిది దేన్నైనా ముందు చూస్తాడని గమనించి, మందారపువ్వు రెక్కలు చించి పైన చల్లాను. రెక్కల కోసం మూతి పెట్టి, కింద ఉన్న మందారాకు కూడా లాగేశాడు. మా కాలేజీలో పలమనేరు నుంచి వచ్చే సహోద్యోగి వాళ్ళకు పట్టుపురుగుల తోట ఉంది. ఆయన సంచి నిండా మల్బరీ ఆకులు తెచ్చిచ్చారు. మందు కొట్టని మడిలోవేనని అడిగి నిర్ధారించుకున్నాను. ఆ ఆకుకు మాత్రం బతిమాలే పని పడలేదు.

అమ్మ ఇదంతా చూస్తూ ఉండేది. ఒకరోజు నా కంచంలో మజ్జిగన్నం పక్కన అర చెంచా పప్పు వేసింది. వద్దన్నాను. అప్పటికే నా డాక్టరుగారు పథ్యం చాలించమని, పప్పు, గుడ్డు, కూరలు అన్నీ తినమని, లేకపోతే నీరసం పోదని గట్టిగా చెప్పి ఉన్నారు. అయినా నాలుక ఒప్పుకునేది కాదు. "నాయనా, వానికి నువ్వు చేస్తా ఉండేదే నీకూ చేస్తా ఉండా. అర చెంచా కలుపుకో, రేపు ఇంకో అర" అంది. కలుపుకున్నాను.

నాగజెముడు తెచ్చింది కూడా అమ్మే. మందు కొట్టని గట్టు మీద కోసిన లేత మట్టలు. పట్టకారుతో పట్టి గ్యాస్ పొయ్యి మంట మీద తిప్పింది. పెద్ద ముళ్ళు చిటపటమని కాలాయి. కంటికి కనబడని నూగు ముళ్ళు కూడా పోవాలని కత్తి వెనకవైపుతో గీకి, కడిగి, మళ్ళీ కాల్చింది. ఇల్లంతా కాలిన పచ్చివాసన, చిక్కుడుకాయలు వేయించినట్టు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాను. చాలాసేపటికి గుర్తొచ్చింది, నాకు వాంతి రాలేదని. ఆకలి వేసింది. జూన్ తర్వాత ఆకలి అనేది అదే మొదటిసారి.

చల్లారాక ముక్కలు కోసి బండ మీద పెడితే కూర్మయ్య జిగురు కారుతుండగా మూడు ముక్కలు తిన్నాడు.

నెల తిరిగేసరికి బరువు 1,375. వెనక కాళ్ళ మీద పైకి లేచి నడుస్తున్నాడు. చిప్ప అంచు ఇంకా పూర్తిగా గట్టిపడలేదు, కానీ నొక్కితే లోపలికి పోవడం లేదు. అది నెలల పని అని డాక్టరమ్మ ముందే చెప్పింది. పూజ సామాను అంగట్లో దొరికే సముద్రపు నురుగు, అంటే కటిల్‌ఫిష్ లోపలి సున్నపు పెంకు, ఒక ముక్క వాడి దగ్గర పడేశాను, బుద్ధి పుడితే కొరుకుతాడు. కీర ఇప్పటికీ ఇస్తాను, వారానికి రెండు ముక్కలు.

వినాయక చవితి మర్నాడు ఉద్వాసన చెప్పాక, పత్రి అంతా కూర్మయ్యకు పెడదామని అమ్మ చేటలోకి ఎత్తింది. నేను ఆపాను. 21 పత్రాల్లో గన్నేరు ఉంటుంది, జిల్లేడు ఉంటుంది, ఉమ్మెత్త ఉంటుంది. మూడూ విషమే. పైగా ఒకదాని పాలు ఒకదానికి అంటుకుని ఉంటాయి. ఆ చేట అలాగే పక్కన పెట్టేశాం. మిద్దె మీద తొట్టిలో నేను వేసుకున్న గరిక ఒక గుప్పెడు కోసి, కత్తిరించకుండా, కీర కలపకుండా బండ మీద పెట్టాను. మెడ చాచి, పోచల కుదురు మధ్యలో పట్టి, తల పక్కకు తిప్పి తెంపాడు. ఆ చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. అమ్మ పక్కనే కూర్చుని నా చేతిలో ఉండ్రాళ్ళ గిన్నె పెట్టింది.