నేరేడు రంగు

ఈరోజు డిగ్రీ పిల్లల చేత ఇనుము టైట్రేషన్ చేయించాను. ఫెర్రిక్ ద్రావణంలో సాలిసిలిక్ ఆమ్లం వేయగానే ఫ్లాస్కంతా నేరేడుపండు రంగు. బ్యూరెట్‌లోంచి, లోహాల్ని గట్టిగా పట్టుకునే ఈడీటీఏ చుక్కచుక్కగా పడేకొద్దీ ఆ రంగు పలచబడి, చివరికి లేత పసుపు మిగిలింది. సాలిసిలిక్ ఆమ్లం పట్టుకున్న ఇనుమును ఈడీటీఏ లాక్కుంది. ఎన్నేళ్లుగా చూస్తున్నా అక్కడ నా చూపు ఆగిపోతుంది.

ఒంట్లోకి ప్లూటోనియం చేరితే మందు చేయాల్సిన పని ఇదేనని చెప్పాను. రక్తంలో ఇనుమును మోసే ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రొటీన్ దాన్ని కూడా ఇనుములాగే మోసుకెళ్తుంది. తర్వాత అది ఎముకల్లో, కాలేయంలో ఏళ్ల తరబడి తిష్ఠ వేస్తుంది. ఈలోపే లాక్కుని మూత్రంలోకి పంపేయాలి.

వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి లేచింది. "మరి మనకి కావాల్సిన లోహాల్ని వదిలేస్తుందా మేడమ్?"

అసలు చిక్కంతా అదే. గంట కొట్టేశారు, రేపు చెప్తానన్నాను.

ఇందుకోసం 2004లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించిన, ఈడీటీఏ లాంటిదే అయిన డీటీపీఏని మామూలు సోడియం లవణంగా ఎక్కిస్తే రక్తంలోని కాల్షియంకి ఎసరు పెడుతుంది. అందుకే ముందుగానే కాల్షియం పట్టించి ఇస్తారు. అప్పుడూ జింకును లాక్కుపోతుంది కాబట్టి మొదటి డోసు తర్వాత జింకు రూపానికి మారతారు. యురేనియానికి అది పనికిరాదు కూడా.

నాకు బాగా నచ్చేది అమెరికాలోని బర్కిలీలో రసాయన శాస్త్రవేత్త కెన్నెత్ రేమండ్ పట్టుకున్న దారి. బ్యాక్టీరియాలు ఇనుము కోసం సిడెరోఫోర్లనే అణువుల్ని బయటికి వదులుతాయి. ఆయన ఆ పట్టును వాటి దగ్గరే నేర్చుకున్నాడు. ఇనుముకు ఆరు పట్లు చాలు. ప్లూటోనియం పెద్దది, దానికి ఎనిమిది కావాలి. రెండేసి ఆక్సిజన్లతో పట్టే హైడ్రాక్సీపిరిడినోన్ ముక్కలు నాలుగింటిని స్పెర్మీన్ అనే ఒకే గొలుసులాంటి అణువుకు కట్టారు. కాల్షియం, జింకుల మీద దానికి అంత ఆశ లేదు. బర్కిలీలోనే పరిశోధకురాలు ప్యాట్రీషియా డర్బిన్ ఏళ్ల తరబడి ఎలుకల మీద ఇలాంటి అణువుల్ని పరీక్షించింది. ఆ నాలుగు ముక్కల అణువుకే, నోటితో మింగే క్యాప్సూల్‌గా, 2023లో మనుషుల మీద మొదటి పరీక్ష మొదలైంది. ఇంత దూరం రావడానికి దశాబ్దాలు పట్టాయి!

రాత్రి భోజనాలయ్యాక పాత క్యాలెండర్ కాగితం వెనక ఆ అణువు బొమ్మ గీశాను. ఎనిమిది ఆక్సిజన్లకీ ఎర్ర స్కెచ్ పెన్ను, మధ్యలో ప్లూటోనియంకి పెద్ద సున్నా. పక్కనే చిన్నగా ఇనుము, దాని చుట్టూ ఆరే. కాగితం మడిచి బ్యాగులో పెట్టుకున్నాను, ఆ అమ్మాయి కోసం.