డబ్బులు ముందు డోర్‌లో, ఎక్కడం వెనక డోర్‌లో

31 ఏళ్లు బస్సు కండక్టర్‌గా చేశాను. ఎవరు బస్సు మాటెత్తినా నాకు ముందు సీట్లు, డోర్లు, చిల్లర గుర్తొస్తాయి. అట్లాంటాలో అమ్మాయి వాళ్లింటికి వచ్చాక, "నాన్నా, మార్టిన్ లూథర్ కింగ్ పుట్టింది ఈ ఊళ్లోనే" అని ఆబర్న్ అవెన్యూలో ఆయన పుట్టిన ఇల్లు, నీళ్ల మధ్యలో ఉన్న సమాధి చూపించింది. దణ్ణం పెట్టుకున్నాను. కానీ నా మనసంతా పక్కన అలబామా రాష్ట్రంలో ఉన్న మాంట్‌గోమరీ మీదే ఉంది. నల్లజాతివాళ్ల హక్కుల కోసం ఆయన నడిపిన బస్సుల పోరాటం జరిగింది అక్కడ. పోయిన శనివారం అల్లుడు కారులో తీసుకెళ్లాడు. రెండున్నర గంటల దారి.

ఆ ఊరి బస్సు లెక్క చెబుతాను. 36 సీట్లు. ముందు 10 తెల్లవాళ్లవి, అవి ఖాళీగా ఉన్నా నల్లజాతివాళ్లు నిలబడే పోవాలి. వెనక 10 నల్లజాతివాళ్లవి. మధ్యలో 16 డ్రైవర్ ఇష్టం, లేవమంటే లేవాలి. కండక్టర్ ఉండడు. నల్లజాతివాళ్లు ముందు డోర్ ఎక్కి, డ్రైవర్ దగ్గర 10 సెంట్లు వేసి, మళ్లీ కిందికి దిగి, వెనక డోర్‌కి నడిచి ఎక్కాలి. వాళ్లు నడిచేలోపే బండి లాగించేసిన డ్రైవర్లు ఉన్నారట. డబ్బులు తీసుకుని మనిషిని రోడ్డు మీద వదిలేయడం! మా ఉద్యోగంలో అంతకన్నా పెద్ద తప్పు నాకు తెలీదు. అసలు ఆ బస్సుల్ని పోషించిందే వాళ్లు. ఎక్కేవాళ్లలో ముప్పావు వంతు వాళ్లే.

1955 డిసెంబర్ 1, గురువారం సాయంత్రం రోజా పార్క్స్ అనే నల్లజాతి మహిళ కూర్చున్నది ఆ మధ్య సీట్లలో మొదటి వరుస. డ్రైవర్ లేవమన్నాడు, ఆవిడ లేవలేదు. ఒళ్లు అలిసి లేవలేదని అందరూ చెబుతారు, ఆవిడ మాత్రం అది నిజం కాదన్నారు. అప్పటికి ఎన్నో ఏళ్లుగా హక్కుల సంఘంలో పనిచేస్తున్న మనిషి. 12 ఏళ్ల కిందట ఇదే డ్రైవర్ ఆవిడని బస్సులోంచి దించేశాడు కూడా. ఆ రాత్రికి రాత్రే జో ఆన్ రాబిన్సన్ అనే కాలేజీ అధ్యాపకురాలు సైక్లోస్టైల్ మిషన్ దగ్గర కూర్చుని సోమవారం ఎవరూ బస్సు ఎక్కొద్దని వేలకొద్దీ కరపత్రాలు తీశారు. సోమవారం బస్సులు ఖాళీగా తిరిగాయి. నాయకుడిగా ఎన్నుకున్నది ఊరికి వచ్చి ఏడాది దాటిన పాస్టర్‌ని. కింగ్ గారికి అప్పుడు 26 ఏళ్లు. మా చిన్నవాడికన్నా చిన్న వయసు.

జాక్సన్ వీధిలో ఆయన కాపురమున్న ఇల్లు చూశాను. 1956 జనవరి 30 రాత్రి ఆ వరండా మీద బాంబు పడింది. గచ్చు మీద ఆ గుంట ఇంకా ఉంది. లోపల భార్య కొరెట్టా, రెండున్నర నెలల పాప. ఆయన చర్చిలో సభలో ఉన్నారు. పరుగున వచ్చేసరికి ఇంటి ముందు వందల మంది, కొందరి చేతుల్లో తుపాకులు. ఆ వరండా మీదే నిలబడి, ఆయుధాలు ఉంటే ఇళ్లకు తీసుకుపొమ్మన్నారు, శత్రువుని ప్రేమించాలన్నారు. జనం వెళ్లిపోయారు.

నేను చాలాకాలం, ఆయనకి అహింస పుట్టుకతో వచ్చిన గుణం అనుకున్నాను. కాదు. బాంబు పడ్డాక తుపాకీ లైసెన్సుకి దరఖాస్తు పెట్టుకున్నారు, అధికారులు ఇవ్వలేదు. ఇంట్లో తుపాకులు ఉండేవి, బయట ఆయుధాలతో కాపలా ఉండేది. గాంధీ మార్గాన్ని లోతుగా చదివి ఆచరించిన బేయర్డ్ రస్టిన్ లాంటి వాళ్లు వచ్చి, పక్కన కూర్చుని, వాదించారు. చంటిబిడ్డ మీద బాంబు వేసినవాళ్లు ఊళ్లోనే తిరుగుతుండగా ఇంట్లోంచి తుపాకీ తీసేయాలంటే ఒక తండ్రికి ఎంత కష్టమో నేను ఊహించగలను. ఆయన తీసేశారు. అది నాకు వాషింగ్టన్‌లో ఆయన ఇచ్చిన "నాకో కల ఉంది" ఉపన్యాసం కన్నా పెద్దదిగా అనిపిస్తుంది.

381 రోజులు జనం నడిచారు. సొంత కార్లలో ఒకరినొకరు దించుకున్నారు. జార్జియా గిల్మోర్ అనే వంటావిడ కోర్టులో సాక్ష్యం చెప్పినందుకు పని పోగొట్టుకుని, ఇంట్లోనే వండి అమ్మి ఉద్యమానికి డబ్బు పంపారు. చివరికి సుప్రీంకోర్టు ఆ సీట్ల చట్టాన్ని కొట్టేసింది.

నన్ను పట్టుకున్నది ఆ తర్వాత జరిగిన సంగతి. మళ్లీ బస్సెక్కే ముందు వాళ్లు చర్చిల్లో కుర్చీలు బస్సులాగా వరుసగా వేసి సాధన చేశారు. ఒకరు డ్రైవర్, కొందరు తెల్లవాళ్లు, కొందరు నల్లవాళ్లు. తిట్టేవాళ్లు తిట్టడం, తోసేవాళ్లు తోయడం, ఓర్చుకునేవాళ్లు ఓర్చుకోవడం. 1956 డిసెంబర్ 19న కింగ్ గారి సంతకంతో సూచనలు పంచారు. తిడితే తిరిగి తిట్టొద్దు, కొడితే తిరిగి కొట్టొద్దు. పక్కన కూర్చునేటప్పుడు అనుమతి అడుగు. డ్రైవర్ సహకరిస్తాడనే అనుకో. ఆ మాట చదివినప్పుడు, బస్సు పనివాడిగా నాకు కళ్లు చెమ్మగిల్లాయి. అన్నేళ్లు అవమానించినవాడి మీద కూడా ఆ నమ్మకం!

ఒక్క సూచన మాత్రం మింగుడుపడలేదు. ఇంకొకరిని ఎవరైనా హింసిస్తుంటే అడ్డుకోవడానికి లేవొద్దు, హింసించేవాడి కోసం ప్రార్థించు అని ఉంది. రాత్రంతా అదే ఆలోచన.

ఎందుకంటే నేనూ ఒకప్పుడు లేవలేదు. ఉద్యోగంలో చేరిన కొత్త. పల్లెటూరి రూటు. ముందు సీట్లో ఒక కూలి మనిషి కూర్చున్నాడు. తెల్ల పంచె కట్టుకున్న పెద్దాయన ఎక్కి, ఆయన్ని చూసి, "లే" అన్నాడు. కులం పేరు కూడా అన్నాడు. ఆయన లేచాడు. నేను పక్కనే ఉన్నాను. ఇద్దరికీ టికెట్ కొట్టాను, ఇద్దరి దగ్గరా ఒకటే ఛార్జీ. "జరగండి, జరగండి" అని వెనక్కి వెళ్లాను. బస్సులో గొడవ కాకుండా చూడటమే నా పని అనుకున్నాను.

1963లో బర్మింగ్‌హామ్ జైలు నుంచి రాసిన ఉత్తరంలో కింగ్ గారు, న్యాయం కన్నా ప్రశాంతతే ముఖ్యం అనుకునే మంచివాళ్ల మీదే ఎక్కువ బాధపడ్డారు. ఆ సూచన అందుకున్నవాళ్లు కూర్చునే ఉన్నా, అప్పటికి ఏడాదికి పైగా ఎదురుతిరిగినవాళ్లు. ఉద్యోగాలు పోయినా నడిచినవాళ్లు. నా మౌనం వెనక అలాంటిదేమీ లేదు. దానికి అహింస అని పేరు పెట్టుకునే హక్కు నాకు లేదు.

కింగ్ గారు 1959లో మన దేశం వచ్చినప్పుడు తిరువనంతపురంలో ఒక హెడ్మాస్టరు ఆయన్ని పిల్లలకి "అమెరికా నుంచి వచ్చిన తోటి అంటరానివాడు" అని పరిచయం చేశారట. మొదట మనసు చివుక్కుమన్నా, ఆలోచించి, అవును, నేను అంటరానివాణ్ణే అనుకున్నానని ఆయనే తర్వాత అట్లాంటాలో తన ఎబెనెజర్ చర్చిలో చెప్పారు.

మాంట్‌గోమరీలో 1956 డిసెంబర్ 21 పొద్దున్నే కింగ్ గారు మొదటి బస్సు ఎక్కినప్పుడు డ్రైవర్ ఆయన్ని గుర్తుపట్టి, మీరు ఎక్కడం సంతోషం అన్నాడు. వారం తిరక్కుండానే బస్సుల మీద కాల్పులు జరిగాయి. రోజా జోర్డాన్ అనే గర్భిణికి కాళ్లలో తూటాలు దిగాయి. జనవరిలో చర్చిల మీద బాంబులు పడ్డాయి. అయినా జనం ఎక్కడం మానలేదు.

ఆ కూలి మనిషి పేరు నాకు తెలీదు. ఊరొచ్చేదాకా కడ్డీ పట్టుకుని నిలబడే ఉన్నాడు. దిగేటప్పుడు టికెట్ వెనక నేను రాసిచ్చిన చిల్లర అడిగాడు. అది మాత్రం లెక్క చూసి ఇచ్చాను.