కరిగే యాంకరే మంచిదా?

భుజంలో తెగిన టెండన్‌ను (కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి భాగం) ఎముకకు కుట్టించుకోబోయే వాళ్లు నన్ను తప్పకుండా అడిగే ప్రశ్న ఇది: "డాక్టరు గారూ, కరిగిపోయే యాంకరే వేస్తారు కదా?" యాంకర్ అంటే టెండన్‌ను కుట్టే దారాన్ని పట్టి ఉంచడానికి ఎముకలోకి బిగించే చిన్న మర. అది కరిగిపోవడమంటే చాలామందికి భరోసా. నాకు ఆ మాట మీద అంత మోజు లేదు.

మొదట్లో వాడిన పాలీగ్లైకోలిక్ ఆమ్లం అనే కరిగే పాలిమర్ (ప్లాస్టిక్‌లాంటి పదార్థం) టెండన్ అతుక్కునేలోపే పట్టు వదిలేసేది. తరువాత వచ్చిన పీఎల్‌ఎల్‌ఏ అనే మరో కరిగే పాలిమర్ మరీ మొండిది, ఏళ్ల తరబడి కరగదు. పైగా కరిగేటప్పుడు వెలువడే ఆమ్లం వల్ల కొందరిలో యాంకర్ చుట్టూ ఎముక గుల్లబారుతుంది. అందుకే ఇప్పుడు పీఎల్‌జీఏ అనే కరిగే పాలిమర్‌లో బీటా ట్రైకాల్షియం ఫాస్ఫేట్ అనే కాల్షియం లవణం కలుపుతున్నారు. అది ఆమ్లాన్ని కొంత అణచి, కొత్త ఎముకకు ఆధారమిస్తుంది.

నా ఓటు మాత్రం పీక్ (PEEK) అనే గట్టి పాలిమర్‌కే. కరగదు, ఎక్స్‌రేకు అడ్డు రాదు, టైటానియంలా ఎమ్మారై చిత్రాన్ని చెరపదు. దాని బిరుసుదనం 3 నుంచి 4 గిగాపాస్కల్స్ (బిరుసును కొలిచే ప్రమాణం), టైటానియానిది 100 పైనే; అంటే లోహమంత బిరుసు కాదు. మళ్లీ ఆపరేషన్ అవసరమైతే పీక్‌ను డ్రిల్లుతో తొలిచేయవచ్చు. లోహంతో ఆ పని చేసి చూడండి, తెలుస్తుంది!

ఒక్క జాగ్రత్త. కుర్రవాళ్ల గట్టి ఎముకలో ముందు ట్యాప్ అనే పనిముట్టుతో మరలు కోయకుండా బిగిస్తే పాలిమర్ యాంకర్ విరిగే ప్రమాదముంది. చివరి చుట్లలో యాంకర్‌ను తిప్పే స్క్రూడ్రైవర్ చేతికి బిర్రుగా తగిలిందంటే బలవంతం చేయను. వెనక్కి తిప్పి, ట్యాప్ మరోసారి దించుతాను.