వినాయక చవితి మర్నాడు

మా ఇంట్లో వినాయక చవితి మర్నాడు కూడా పండగే. భాద్రపద శుద్ధ పంచమినాడు పశ్చిమ ఒడిశాలో నువాఖాయి చేసుకుంటారు. కొత్త బియ్యంతో వండింది ముందు దేవతకి పెట్టి, ఆ తర్వాత ఇంటిల్లిపాదీ తిని, చిన్నవాళ్లు పెద్దల కాళ్లకి మొక్కుతారు. "నువాఖాయి జుహార్" అంటారు, అంటే పండగ దణ్ణాలన్నమాట. విశాఖలో పుట్టి పెరిగినా, పాపని అక్కణ్ణుంచి దత్తత తెచ్చుకునేదాకా నాకు ఈ పండగ పేరే తెలీదు.

మాకు పెళ్లే ఆలస్యంగా అయింది. దత్తతకి దంపతుల వయసు కలిపి లెక్కేస్తారు: రెండేళ్లలోపు బిడ్డకైతే 85 దాటకూడదు, నాలుగేళ్లలోపుకైతే 90, నాలుగు నుంచి ఎనిమిదికైతే 100. మా ఇద్దరివీ కలిపితే తొంభై దాటేశాయి. అందుకే దత్తతలు చూసే కేంద్ర సంస్థ కారా (CARA) పోర్టల్లో పెద్ద పిల్లలనే అడిగాం, మన రాష్ట్రంతో పాటు ఒడిశా కూడా పెట్టాం. ఫొటో, మెడికల్ రిపోర్టు వచ్చాక 48 గంటల్లో ఏదో ఒకటి చెప్పాలి. ఆ రెండు రోజుల టెన్షన్ గురించి రాయను. రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రైలెక్కి వెళ్లాం. పాపకి అప్పటికి ఆరేళ్లు.

వచ్చిన కొన్ని నెలలకే "ఏటి నానమ్మా" అంటూ అచ్చం మా వీధి పిల్లల్లా మాట్లాడేసేది. చూసినవాళ్లందరూ "అబ్బ, ఎంత బాగా కలిసిపోయిందో!" అనేవారు. నాకేమో లోపల గుబులు. అది సంబల్‌పురి, అంటే పశ్చిమ ఒడిశావాళ్ల ఒడియా, మాట్లాడటం మానేసింది. మేం మాట్లాడించబోయినా తెలుగులోనే జవాబు చెప్పేది. పిల్ల తన మాట, తన తిండి, తన పాట ఒక్కొక్కటే వదిలేస్తుంటే మనం మురిసిపోవడం నాకు నచ్చదు. కలిసిపోవడమంటే ఎప్పుడూ పిల్లే కలవాలా?

పక్క వీధిలో పశ్చిమ ఒడిశాలోని బర్గఢ్ నుంచి వచ్చిన ఒకావిడ ఉంది. సాయంత్రాలు పాపని వాళ్లింటికి పంపడం మొదలుపెట్టాను. చదువు చెప్పమని కాదు, కబుర్లు చెప్పమని. నేనూ పక్కన కూర్చుంటాను. నా ఒడియా విని ఇద్దరూ నవ్వుతారు.

ఇంట్లో అందరికంటే ముందు మారింది అత్తయ్య. పాప వేసవిలో పఖాళ అడిగితే "మన చద్దన్నమే కదే" అని తేలిగ్గా తీసుకున్నారు. దాంట్లోకి బడి చూరా కావాలంది. మినప వడియాలు వేయించి, ఉల్లిపాయ, వెల్లుల్లి, పచ్చిమిర్చి వేసి కచ్చాపచ్చాగా దంచి, పైన ఆవనూనె వేయాలి. ఆవనూనె వాసనకి అత్తయ్య కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునే దంచారు. ఇప్పుడు ఆ సీసా అయిపోతే ఆవిడే గుర్తుచేస్తారు. నువాఖాయికి మాత్రం "భాద్రపదంలో కొత్త బియ్యం ఎక్కడ దొరుకుతాయే?" అని ఏటా ఒకే గొడవ. బర్గఢ్ ఆవిడ ఊరి నుంచి గుప్పెడు తెప్పిస్తే, మామూలు బియ్యంలో కలిపి పాయసం వండేస్తాం.

బయటివాళ్లతోనే చిక్కు. "ఏ కులం పిల్లో తెలిసిందా?" అని పాప ముందే అడుగుతారు, చదువుకున్నవాళ్లు కూడా. "మా పిల్ల" అని చెప్పి ఊరుకుంటాను. గుళ్లో అర్చన దగ్గర గోత్రం మాదే చెప్తాం. నక్షత్రం అడిగితే ఏం చెప్పాలి? కాగితాల్లో ఉన్న పుట్టినరోజు డాక్టర్లు అంచనా వేసి రాసింది. "పేరుని బట్టి చూసి చెప్పండి పంతులుగారూ" అని అత్తయ్యే తేల్చేశారు.

పద్దెనిమిదేళ్లు నిండాక తన పుట్టుపూర్వోత్తరాల గురించి పాప తనంతట తానే దరఖాస్తు పెట్టుకోవచ్చు. అంతకుముందైతే మేమూ కలిసి పెట్టాలి. మా దగ్గరున్న ఫైలు మాత్రం బీరువాలోనే ఉంది. పదో తరగతి అయ్యాక చూపిద్దామని మా ఆయన అంటారు. అడిగిన రోజే ఇచ్చేయాలని నేనంటాను. మొన్న బీరువా సర్దుతుంటే "ఇందులో నాది కూడా ఉందంట కదా?" అంది. ఈ ఆదివారం ముగ్గురం కూర్చుని మొదటి కాగితం నుంచి చదవబోతున్నాం.