చేతి తొడుగులతో బ్యాగు బేరం

శనివారం రాత్రి. ప్లిమత్, మినెసోటా.

పొద్దున లేచేసరికి బయట మైనస్ 8 ఫారెన్‌హీట్. మన లెక్కలో మైనస్ 22. ఇవాళ గడ్డకట్టిన చెరువు మీదికి చేపలు పట్టడానికి వెళ్ళను, సామానుకి బ్యాగు కొనుక్కొస్తానంతే అన్నాను. మా ఆవిడ కాఫీ కప్పు కింద పెట్టి, "పోయిన శీతాకాలం మొత్తానికి తెచ్చినవి పదకొండు చేపలు. ఒక్కోటి నా అరచేయంత. వాటికి మళ్ళీ బ్యాగొకటా?" అంది. చేపలకి కాదు, సామానుకి అని చెప్పినా ఉపయోగం ఉండదని ఊరుకున్నాను.

అసలు సంగతి పోయిన ఆదివారంది. మా ఊరి చెరువు మెడిసిన్ లేక్ మీదికి, ఇండియా ప్రయాణాల్లో విమానం పైఅరలో పెట్టుకునే పాత బ్యాగు తీసుకెళ్ళాను. మంచుకి బెజ్జం వేయగానే ఆగర్‌తో (మంచుని తొలిచే పెద్ద బర్మా) పాటు నీళ్ళు పైకి తన్ని బ్యాగు తడిసింది. పది నిమిషాలకి జిప్పు రాయి. తొడుగులతో లాగితే దాని చిన్న రేకు వేళ్ళకి దొరకదు, తొడుగులు తీస్తే ఆ రేకు వేలికి అతుక్కుంటుంది. నోటితో ఊదాను, ఆ ఆవిరీ గడ్డకట్టింది. బెజ్జంలో మంచు ముక్కలు తేలుతున్నాయి, వాటిని తోడే గరిటేమో బ్యాగులో. అచ్చం మనం బూరెలు తీసే చిల్లుల గరిటె లాంటిదే, కాడ పొడుగు. పక్కన బకెట్ బోర్లించుకుని కూర్చున్న ముసలాయన లేచి వచ్చి, ఏమీ మాట్లాడకుండా, తన ఫ్లాస్కులో కాఫీ కాస్త జిప్పు మీద ఒంపాడు. తెరుచుకుంది. మళ్ళీ మూతపడలేదు, ఎందుకంటే ఈసారి కాఫీ గడ్డకట్టింది. ఇంటికొచ్చేదాకా బ్యాగుని పసిపిల్లలా రెండు చేతుల్లో మోసుకొచ్చాను.

అందుకే ఇవాళ పద్ధతిగా మొదలుపెట్టాను. గరాజ్ నేల మీద అన్నీ పరిచాను. 28 అంగుళాల రాడ్లు రెండు (ఇక్కడ మంచు మీద మనిషికి రెండు గాలాలు వేసుకోవచ్చు, వేసవిలో ఒకటే). చిన్న గాలాల డబ్బా, గరిటె, ముక్కు పొడుగు పట్టకారు, తలకి పెట్టుకునే లైటు, మారు తొడుగులు, ఫ్లాస్కు. లోతు చూపించే సోనార్‌కి దాని సంచి దానికే ఉంది. ఆగర్ స్లెడ్డు (మంచు మీద లాక్కెళ్ళే చక్రాల్లేని బండి) మీదే పోతుంది, దాని బ్లేడు ఏ బట్టనైనా చీరేస్తుంది. గడ్డపార చేతిలో ఉంటుంది, అడుగులు వేస్తూ ముందు మంచుని పొడుచుకుంటూ పోవడానికి. నడవాలంటే కనీసం 4 అంగుళాల గట్టి మంచు ఉండాలని ఇక్కడి డీఎన్ఆర్ (రాష్ట్ర ప్రకృతి వనరుల శాఖ) వాళ్ళ మాట. మా చెరువు ఇప్పుడు పదికి పైనే ఉంది, అయినా పొడుస్తాను. భయస్తుణ్ణి.

బ్యాగులో ఎప్పటికీ పెట్టకూడనిది ఒకటుంది: తాడుకి కట్టిన రెండు మేకుల పిడులు. పొరపాటున నీళ్ళలో పడితే వాటిని మంచులో గుచ్చి పైకి పాకాలి. అవి మెడలోనే ఉండాలి. పడ్డవాడు జిప్పు తీసుకుంటూ కూర్చోడు కదా. ఎర పురుగులూ అంతే, వాటి డబ్బా కోటు లోపలి జేబులో, ఒంటి వేడికి. బయట పెడితే పది నిమిషాల్లో బియ్యపుగింజల్లా గట్టిపడతాయి.

దుకాణంలో తొడుగులు తియ్యకుండానే ప్రతి బ్యాగూ తెరిచి మూసి చూశాను. అక్కడి కుర్రాడు రెండుసార్లు వచ్చి "బాగానే ఉన్నారా?" అని అడిగి వెళ్ళాడు. 80 డాలర్ల రాడ్ బ్యాగు చూడ్డానికి రాజాలా ఉంది, పక్కలు గట్టివి, రాడ్ల కొనలు విరగవు. కానీ లోపలంతా మెత్తటి స్పాంజి. తడిస్తే ఆరదు, కొక్కేలకి తుప్పు. పనిముట్ల సంచి గట్టిదే, కానీ పొడుగు 16 అంగుళాలే, రాడ్లు సగం బయటికి నిక్కుతాయి. బకెట్ చుట్టూ తొడిగే జేబుల గుడ్డ కూడా ఉంది, ఇరవైకి కాస్త పైన. ముసలాయన గుర్తొచ్చి దాని దగ్గర చాలాసేపు నిలబడ్డాను. బకెట్ అయితే కుర్చీ, సంచి, చేపల బుట్ట అన్నీ అదే. కానీ నా మోకాళ్ళు అంత కిందికి కూర్చోనివ్వవు.

అక్కణ్ణుంచే నాన్నకి వీడియో కాల్ చేశాను. అక్కడ రాత్రి భోజనాలయ్యాయి. బ్యాగులన్నీ చూపించాను. "జిప్పు లేనిది లేదట్రా?" అన్నాడు. కాలవ గట్టు మీద నాన్న గాలం వేసే రోజుల్లో వెదురుకర్ర, బెండు, కొబ్బరిచిప్పలో తడిమట్టి, అందులో వానపాములు. అంతే సామాను. పడ్డ చేపల్ని కొబ్బరీనెకి గుచ్చి చేత్తో వేలాడేసుకుని వచ్చేవాడు. దారిలో ఎదురైనవాళ్ళంతా లెక్కపెట్టేవాళ్ళు. నాకు ఆ ఈనె పట్టుకోవడమే గొప్ప.

చివరికి కొన్నది టార్పాలిన్ సంచి, పైన నోరు వెడల్పు, జిప్పు లేదు, రెండు పట్టీలు, అడుగున నీళ్ళు కారిపోవడానికి నాలుగు చిల్లులు. 34 డాలర్లు. రాడ్లకి మూడంగుళాల పీవీసీ పైపు 32 అంగుళాలకి కోసి రెండు వైపులా మూతలు పెట్టాను, అడుగున పాత సాక్సు ముక్క. నాన్నకి ఫొటో పంపితే "బోరు పైపులా ఉంది" అని జవాబు.

సాయంత్రం సంచిని గరాజ్ బయట మంచులో గంటసేపు వదిలేసి చూశాను. బిగుసుకుంది కానీ పగల్లేదు. లోపలికి తెచ్చి ఇల్లు వేడిచేసే ఫర్నేస్ పక్కన తలకిందులుగా వేలాడదీశాను, కింద పాత తువ్వాలు. ఇది రాస్తుంటే వంటింట్లోంచి కేక వినపడింది. ఎర పురుగుల డబ్బా ఫ్రిజ్‌లో కరివేపాకు పక్కన పెట్టి మర్చిపోయాను.