తేనెటీగల గుంపు దింపితే డబ్బు అడగాలా? ఈ సీజన్ లెక్కలు

జనవరి 27
ఈ సీజన్‌లో మొదటి గుంపు. కడియం నర్సరీలో మామిడి అంటు కొమ్మకి, చేతికందే ఎత్తులో వేలాడుతోంది. తొర్రల్లో పట్టు పెట్టే మన నాటు ఈగలే. పాత రాణి సగం ఈగల్ని వెంటేసుకుని బయటికొచ్చి, వెతకడానికి వెళ్ళినవి కొత్త చోటు కనుక్కునేదాకా ఇలా ఆగుతుంది. పొట్టనిండా తేనె తాగి బయల్దేరతాయి కాబట్టి అప్పుడు కోపం తక్కువ. కాస్త నీళ్ళు చల్లి, కింద పెట్టె పట్టుకుని కొమ్మని ఒక్క ఊపు ఊపాను. పని పది నిమిషాలే. మిగిలినవి లోపలికి చేరేదాకా పెట్టె అక్కడే వదిలి, చీకటి పడ్డాక వెళ్ళి తెచ్చుకున్నాను.

నర్సరీ ఆయన 500 ఇవ్వబోతే వద్దన్నాను. ఇంటికొచ్చి లెక్క చూస్తే రెండుసార్లు తిరిగినందుకు పెట్రోల్ 120, ఈగల మేతకి రెండు కిలోల పంచదార 90. తీసుకుంటే పోయేది కాదు.

జనవరి 30
నాటు ఈగలతో తలనొప్పి ఏమిటంటే, పెట్టె నచ్చకపోతే మర్నాడే లేచిపోతాయి. అందుకే రెండో నంబరు పెట్టెలోంచి పిల్ల పురుగులున్న ఫ్రేము ఒకటి తెచ్చి ఇందులో పెట్టాను. పిల్లల్ని చూస్తే నిలబడతాయి. గుమ్మానికి రాణి దాటలేని జాలీ. పంచదార, నీళ్ళు సమానంగా కలిపి రాత్రిపూటే పెడుతున్నాను. పగలు పెడితే పక్క పెట్టెల ఈగలు దోచుకుపోతాయి.

ఫిబ్రవరి 18
పదకొండో తేదీన పట్టిన చిన్న గుంపులో ఒక్క గుడ్డు కూడా లేదు. తప్పు నాదే. అది పాత రాణి వెళ్ళాక బయల్దేరే రెండో విడత గుంపు, అంటే అందులో ఉన్నది కన్నె రాణి. జోడు కట్టడానికి అది బయటికి ఎగరాలి. నేనేమో వారం రోజులు జాలీ బిగించి కూర్చున్నాను. ఇవాళ తీసేశాను.

ఫిబ్రవరి 22
ధవళేశ్వరంలో పాత పెంకుటిల్లు. గోడలోని చెక్క అల్మారా వెనక ఆరు పట్లు. పలకలు ఊడదీసి, పట్లు కోసి, పిల్లలున్న ముక్కల్ని అరటినారతో ఫ్రేములకి కట్టేసరికి నాలుగు గంటలు పట్టింది, ఏడు ఈగలు కుట్టాయి. 1,500 అవుతుందని ముందే చెప్పాను. చివర్లో ఇంటావిడ, ‘తేనంతా మీరే పట్టుకెళ్తున్నారు కదండీ, మళ్ళీ డబ్బులెందుకండీ?’ అన్నారు. సున్నం పెళ్ళలు, చచ్చిన ఈగలు కలిసిన కిలోన్నర తేనె అది. గిన్నెతో సహా అక్కడే ఇచ్చేశాను. చేతికొచ్చింది 800.

గుంపు అంటే తేనె అనుకుంటారు జనం. కొమ్మకి వేలాడే గుంపులో మనకి దక్కే తేనె చుక్క ఉండదు. ఆ ఈగలు నిలబడి, పెట్టె నిండి, నాలుగు కిలోలు వచ్చేసరికి ఏడాది పడుతుంది.

ఫిబ్రవరి 28
కన్నె రాణి గుడ్లు పెట్టింది! ఒక గదికి ఒకటే, నిటారుగా.

మార్చి 9
అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తు సన్‌షేడ్ కింద పెద్ద ఈగల పట్టు, చాటంత ఉంది. ఇవి పెట్టెలో ఉండే జాతి కాదు. కొన్నాళ్ళకి వాటంతటవే వలసపోతాయి, రాళ్ళు వేయకండి, ఆ వైపు రాత్రి లైట్లు ఆపండి అని చెప్పి వచ్చాను. దీనికి రూపాయి అడగలేదు. ఆదివారం రాత్రి ఎవరినో పిలిచి 3,000 ఇచ్చి కాల్పించారట. ఈగల్ని చంపినవాడితో బేరమాడలేదు, బతికించే మనిషినైతే తేనె లెక్క అడుగుతారు.

మార్చి 10
ఇకనుంచి చేతికందే గుంపుకి పెట్రోల్ ఖర్చు మాత్రమే. ఇంకా ఎక్కువ అడిగితే కిరోసిన్ డబ్బా తీస్తారని నా భయం. గోడ, సీలింగ్ విప్పాల్సి వస్తే 1,500, సగం ముందే. గోడ మళ్ళీ పూడ్చడం ఇంటివాళ్ళ పని. 1991-92లో పిల్ల పురుగుల్ని చంపే సంచి పురుగు వైరస్ దక్షిణాదిలో నాటు ఈగల్ని దాదాపు తుడిచిపెట్టింది. అందుకే బయటి నుంచి తెచ్చిన ఏ గుంపునైనా నెలరోజులు మేడ మీద దూరంగా ఉంచుతున్నాను. నాకు అదీ ఖర్చే.

ఫోన్ చేసినవాళ్ళని ముందు ఫొటో పంపమంటున్నాను. ఇవాళ బొమ్మూరు నుంచి వచ్చిన ఫొటోలో ఉన్నవి కందిరీగలు.