ఒకటిన్నర డబ్బాలు, పైన ఒక చెంబు

మన రాజమండ్రి గురించీ, ఉద్యోగరీత్యా నేను తిరిగిన ఊళ్ళ గురించీ రెండు పేజీలకు మించకుండా రాయమని మన బడి పూర్వ విద్యార్థుల సంచిక సంఘం వారు రెండుసార్లు కబురు పెట్టారు. మూడోసారి ఫోను చేసినవాడు మన క్లాసు గట్టోడు కావడంతో ఇక తప్పించుకునే దారి లేకపోయింది. రాద్దామని కూర్చుంటే తెలిసింది, ఆరో తరగతి నుంచి తొమ్మిది వరకు నాకు మిగిలింది దాదాపుగా ఏమీ లేదని. సైన్సు గది కిటికీ, ఇంటర్‌వెల్ గంట, పుల్ల ఐసు తాత, అంతే. పదో తరగతిలో కూడా గుర్తున్నది ఒక్క ఆగస్టు నెలే. అందుచేత ఈ వ్యాసమంతా సోషల్ మాస్టారి గురించే అయిపోతే మిగతా ఉపాధ్యాయులూ, ముఖ్యంగా హిందీ టీచరుగారూ నన్ను మన్నించాలి.

1986 ఆగస్టు, గోదావరికి వరద. జెండా వందనం నాటికే నది మధ్య లంకల వాళ్ళు మూటలతో, మేకలతో, కోళ్ళ గంపలతో మన బడిలోకి వచ్చేశారు. పదో తరగతి బి సెక్షనులో ఒక గేదె కూడా ఉండేదని కోటిలింగాల బ్యాచి నేటికీ వాదిస్తుంది గాని నేను చూడలేదు. పాఠాలు లేవు కదా అని మనం సంబరపడుతుంటే, మాస్టారు మనల్ని వేపచెట్టు కింద కూర్చోబెట్టి క్యూసెక్కు అంటే ఏమిటో చెప్పమన్నారు. క్లాసు లీడరు లేచి, సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు అని గడగడా అప్పజెప్పాడు. "ఘనపుటడుగు అంటే ఎంతరా?" అన్నారు మాస్టారు. లీడరు రెండు చేతులూ చాచి గాలిలో ఏదో పెట్టె ఆకారం గీశాడు. మాస్టారు నవ్వలేదు. వంటశాల వెనుక పడి ఉన్న కిరోసిన్ డబ్బాలు రెండు తెప్పించి, నూతి దగ్గర నిలబెట్టారు.

ఒక డబ్బాకు పద్దెనిమిది లీటర్లు. ఘనపుటడుగుకు ఇరవై ఎనిమిది లీటర్లు దాటి కొంచెం. అంటే ఒకటిన్నర డబ్బాలు, పైన ఒక చెంబు. ఈ లెక్క నేను అప్పటి నుంచీ మరిచిపోలేదు. ఆ మొత్తం నీటిని ఒక్క సెకనులో గుమ్మరించాలి, అప్పుడు గాని క్యూసెక్కు కాదు అన్నారాయన. గట్టోడు నిండు డబ్బా ఎత్తాడు, నేను సగం డబ్బా పట్టుకున్నాను, చెంబు ఎవరి చేతిలో ఉందో ఎవరూ ఒప్పుకోరు. "ఒకటి!" అని మాస్టారు అనగానే ముగ్గురం ఒక్కసారిగా వంచేశాం. సరిగ్గా ఆ క్షణాన హెడ్మాస్టారు నూతి మలుపు తిరిగి వచ్చారు. తరవాత ఏం జరిగిందో మీకందరికీ తెలిసినదే కనుక ఆ పంచె సంగతి ఇక్కడ రాయను.

ఆ సాయంత్రం మాస్టారు, ఇళ్ళలో అనుమతి దొరికిన ఇరవై మందిని గట్టు మీదికి తీసుకువెళ్ళారు. రోజూ స్నానానికి దిగే మెట్లు లేవు. కొవ్వూరు వైపు ఒడ్డు లేదు. ఎర్రటి నీరు చప్పుడు లేకుండా, ఏదో పని మీద వెళుతున్నదానిలా సాగిపోతోంది. దాని మీద ఒక పూరింటి కప్పు, ఆ కప్పు మీద ఒక కోడి. ఆ కోడి మనవైపు తల తిప్పి చూడడం నాకు బాగా గుర్తుంది. మనలో ఒక్కరం కూడా మాట్లాడలేదు. ఎప్పుడూ మాట్లాడే మాస్టారు కూడా మాట్లాడలేదు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిందన్న వార్త తరవాత పత్రికలో వచ్చింది. ఆయన ఆ పత్రికను మడతపెట్టి తెచ్చి, సెకనుకు ఎన్ని డబ్బాలో ఇంటి దగ్గర కట్టుకు రమ్మన్నారు. జవాబు సుమారు 55 లక్షల డబ్బాలు. లెక్క తప్పు చేసినవాళ్ళను ఆయన కొట్టలేదు. గట్టు మీద చూసినది మళ్ళీ గుర్తు చేసుకొమ్మన్నారు.

ఆ లెక్క నాకు అన్నం పెట్టింది. రైల్వేలో వంతెనల విభాగంలో చిన్న ఇంజనీరుగా చేరి, ముప్పై ఏళ్ళకు పైగా దేశంలోని నదులను వాటి కింది నుంచీ, పై నుంచీ చూస్తూ బతికాను. ఇవాళ నా సంతకం లేకుండా కొన్ని వంతెనల మీద రైళ్ళ వేగం పెంచరని చెప్పుకోవడానికి ఈ సంచికకన్నా మంచి చోటు దొరకదు కనుక చెప్పుకుంటున్నాను. గువాహతి దగ్గర బ్రహ్మపుత్ర మీద 1962లో ప్రారంభమైన సరాయ్‌ఘాట్ వంతెనను మొదటిసారి చూసినప్పుడు, పైన రోడ్డూ కింద రైలూ ఉన్న ఆ కట్టడం 1974 నాటి మన వంతెనకు అన్నగారిలా కనిపించింది. వెడల్పులో మాత్రం మా గోదావరి ముందు ఇదెంత అని పైకే అనేశాను. పక్కనున్న అస్సామీ సహోద్యోగి లోతు సంగతి ఎత్తాక నోరు మూసుకున్నాను.

శిక్షణ కోసం జర్మనీ పంపినప్పుడు, కొలోన్‌లో రైన్ నది మీది రైలు వంతెన పక్క నడకదారి వెంట ప్రేమికులు తగిలించిన వేల తాళాలను చూశాను. తాళం వేసి చెవి నదిలో పారేస్తారట. మనవాళ్ళు రైలు గోదావరి మీదికి రాగానే బిళ్ళ వేసి దండం పెడతారే, అటువంటిదే ఇదీ అనిపించి, జేబులో మిగిలిన అయిదు రూపాయల బిళ్ళను రైన్‌లోకి వేశాను. ఆ దేశంలో అది నేరమేమో నాకు తెలియదు.

ఎక్కడి నుంచి తిరిగి వచ్చినా ఊరు నాకు ముందు చెవిలోనే తగులుతుంది. గోదావరి మీది పాత హేవ్‌లాక్ రైలు వంతెన మీద కంకర ఉండేది కాదు, ఉక్కు గర్డర్ల మీదే చెక్క స్లీపర్లు కూర్చునేవి గనుక చక్రాల మోత డోలులా బయటికి వినిపించేది. ఎంత నిద్రలో ఉన్నా, "ఊరొచ్చింది" అని లేచి కూర్చునేవాణ్ణి. ఆ వంతెన 1997లో విశ్రాంతి తీసుకుంది. కాంక్రీటు వంతెనల మీద పరిచే కంకర ఆ మోతను మింగేస్తుంది. ఇంజనీరుగా అది మంచిదే. కొడుకుగా మాత్రం ఒకటి రెండుసార్లు నిద్రలో సామర్లకోట దాకా వెళ్ళిపోయాను. అన్నట్టు, హేవ్‌లాక్ వంతెనకు ఖానాలు, అంటే స్తంభానికీ స్తంభానికీ మధ్య భాగాలు, 56. గట్టోడు నలభై ఏళ్ళుగా 55 అంటున్నాడు. ఈసారి అచ్చులో పడుతోంది కనుక ఇక వాదన ముగిసినట్టే.

2008 డిసెంబరులో నాసిక్ వైపు పని పడినప్పుడు, ఒక ఆదివారం త్ర్యంబకం వెళ్ళాను. బ్రహ్మగిరి మీద గంగాద్వారం దాకా మెట్లెక్కేసరికి మోకాళ్ళు నా వయసు చెప్పాయి. మన పుష్కరాల రేవులో వరదకు ఆవలి ఒడ్డు కనబడని గోదావరి, అక్కడ రాతి సందులోంచి దారంలా కారుతోంది. వెనక యాత్రికులు తొందరపెడుతున్నా వినకుండా లీటరు సీసా పెట్టి, చేతి గడియారం చూస్తూ నిలబడ్డాను. సీసా నిండడానికి నలభై సెకన్లు పట్టింది.

ఆ సీసాతో సంక్రాంతికి ఊరొచ్చి, ఇన్నీసుపేటలో మాస్టారింటికి వెళ్ళాను. అప్పటికే ఆయనకు చూపు బాగా తగ్గింది. నా గొంతు బట్టి పోల్చుకుని, "ఏరా, సగం డబ్బా!" అన్నారు. సీసా చేతికిచ్చి, ఇది గోదావరి పుట్టినచోటి నీళ్ళు మాస్టారూ అన్నాను. అమ్మగారు కళ్ళకద్దుకుని తల మీద చల్లుకున్నారు. మాస్టారు సీసాను అటూ ఇటూ తిప్పి, మూత బిగించి పక్కన పెట్టారు.

"ఎంతసేపట్లో నిండింది?"

"నలభై సెకన్లండి."

దినసరి క్యాలెండరులోంచి నిన్నటి కాగితం చింపమన్నారు. దాని వెనుక, కళ్ళకు బాగా దగ్గరగా పట్టుకుని, పెన్సిలుతో చాలాసేపు గుణించారు. మనం గట్టు మీద చూసిన నీరు ఆ ధారకు సుమారు 396 కోట్ల రెట్లు. కాగితం నా చేతిలో పెట్టి, "సున్నాలు ఒకసారి చూడరా, ఈ మధ్య తప్పుతున్నాను," అన్నారు.

చూశాను. తప్పలేదు.